మున్నేటి ఇసుక

ఎండాకాలంలో ముదిగొండ వైపు మున్నేరు ఒక ఒడ్డునే సన్నటి పాయగా పారుతుంది. మిగతా వెడల్పంతా ఇసుకే, దాని మీద ట్రాక్టర్ల జాడలు. పాకాల అడవుల్లో పుట్టి, తీర్థాల దగ్గర ఆకేరును కలుపుకొని, ఖమ్మం కాల్వొడ్డు వంతెనలు దాటి ఇటు వచ్చే ఏరిది. 2024 సెప్టెంబరు 1న ఖమ్మం దగ్గర 36 అడుగుల ఎత్తున పారింది. నీళ్లు తీశాక కాలనీల ఇళ్లలో మేటవేసిన బురదను జనం రోజుల తరబడి ఎత్తిపోశారు. నీటితో పాటు ఈ ఏరు ఎంత నేలను మోస్తుందో ఆ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆ నేల ఎక్కడికి పోతుందో చూడాలని ఏటి వెంబడే దక్షిణానికి బయల్దేరాను. పోలంపల్లి ఆనకట్ట, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి దాటితే కీసర. 2023 జూలైలో ఐతవరం దగ్గర హైదరాబాదు–విజయవాడ రహదారి మీదికే మున్నేరు ఎక్కేసింది, బండ్లన్నీ నిలిచిపోయాయి. వైరా, కట్టలేరు నీళ్లను కూడా కలుపుకొని ఏటూరు దగ్గర కృష్ణలో పడుతుంది. పులిచింతలకు దిగువన కలుస్తుంది కాబట్టి, సాగర్, శ్రీశైలం గేట్లు మూసి ఉన్న రోజుల్లోనూ ప్రకాశం బ్యారేజీకి వరద తెచ్చేది ఈ ఏర్లే.

అలా వచ్చిన వరదను దిగువకు వదిలితే సముద్రం పాలైందని బాధపడతాం. నాకు ఆ బాధ లేదు. ఎందుకో చెప్పడానికి నమీబియా దాకా పోవాలి. అక్కడ రాజధాని విండ్‌హుక్ నుంచి ఎడారి మీదుగా 350 కిలోమీటర్లకు పైగా రోడ్డు వెంట వెళితే స్వాకోప్‌ముండ్ అనే తీరపట్నం వస్తుంది. దాని పక్కన సముద్రంలో కలిసే స్వాకోప్ నది చాలా ఏళ్లు ఒట్టి ఇసుకే. అలాంటిది 1934లో ఒక్క వరద తెచ్చిన ఇసుకకు అక్కడి తీరం కిలోమీటరు పైగా ముందుకు జరిగింది. తరవాత ఆ నది ఎగువన ఆనకట్టలు కట్టారు.

మన దివిసీమను కట్టిందీ నది మోసుకొచ్చిన ఒండ్రే. కృష్ణ మీద ఆనకట్టలు లేచాక ఒండ్రు వాటి వెనకే నిలిచిపోతోంది, డెల్టా అంచును అలలు కోస్తున్నాయి. ఎండాకాలం హంసలదీవి దగ్గర నదిలోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన సీమ అది, తీరం బలహీనపడితే ఏమవుతుందో అక్కడివాళ్లకు తెలుసు. ఇల్లు కట్టుకునేవాడికి ఇసుక కావాలి, కాదనను. కానీ ఏటా వరద తెచ్చినదానికన్నా ఎక్కువ తవ్వితే, కోత ఏటి గట్లతో ఆగదు.

కృష్ణ నీళ్లను ట్రిబ్యునళ్లు టీఎంసీల్లో పంచాయి, ఒండ్రుకు మాత్రం ఏ రాష్ట్రమూ వాటా అడగలేదు. బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజున ఎన్ని క్యూసెక్కులు వదిలారో ప్రకటిస్తారు. ఎంత ఒండ్రు దాటిందో కూడా ఆ పక్కనే ప్రకటించాలి.