ఇసుక అమ్మేవాడి కులాసా

రండి, ఇలా కూర్చోండి. టీ చల్లారేలోపు ఓ ఇంగ్లీషు మాట సంగతి చెప్పుకుందాం. ఇంగ్లండులో ఎవరైనా మహా హుషారుగా కనిపిస్తే ‘శాండ్‌బాయ్‌లా హ్యాపీగా ఉన్నాడు’ అంటారు. వినగానే సముద్రపు ఒడ్డున పిచ్చుకగూళ్లు కట్టుకునే పిల్లాడు మనసులో మెదులుతాడు కదూ? వాడు కాదు. వీడు ఇసుక అమ్ముకునేవాడు.

ఒకప్పుడు అక్కడి పబ్బుల్లో నేలంతా ఇసుక చల్లేవారు. ఒలికిన బీరు, బూట్ల బురద, ఉమ్ము, అన్నీ అందులోనే ఇంకిపోవాలి. పాతది ఊడ్చేసి కొత్తది చల్లుకోవాలి. తర్వాత్తర్వాత ఆ ఉద్యోగం రంపపు పొట్టుకు దక్కిందనుకోండి. ఆ ఇసుకను గాడిదల మీద వేసుకుని వీధులు తిరిగేవాళ్లే శాండ్‌బాయ్‌లు. బాయ్ అన్నారని అందరూ పసివాళ్లే అనుకోకండి, మీసాలొచ్చినవాళ్లూ ఉండేవారు. మన ఆఫీసుల్లో ‘బాయ్’ అనిపించుకునే ఆయనకు మనవలుండరూ!

మరి అంత కులాసా ఎక్కడిది? ఇసుక మోస్తే దాహం. దించేది పబ్బులో. కూలిలో కొంత బీరు రూపంలోనే ముట్టేదని కూడా చెప్పుకుంటారు. కులాసా సగం గ్లాసుదే అన్నమాట. బరువు మోయనివాళ్లు వాణ్ణి చూసి ఈ మాట పుట్టించారేమోనని నా అనుమానం.

డికెన్సు 1840-41లో రాసిన ‘ది ఓల్డ్ క్యూరియాసిటీ షాప్’లో ‘జాలీ శాండ్‌బాయ్స్’ అనే సత్రం ఉంది. బోర్డు మీద ముగ్గురు ఇసుక కుర్రాళ్లు, పక్కన బీరు కూజాలు, బంగారు సంచులు! ఇసుకమ్మేవాడికి బంగారమట, ఎంత కొంటెతనమో చూడండి. నెల్ అనే చిన్నపిల్ల, ఆమె తాత వానలో తడిసి అక్కడికి చేరతారు. లోపల పొయ్యి మీద పొట్టపేగులు, ఆవు గిట్టలు, పంది మాంసం, బఠాణీలు, కాలీఫ్లవర్, బంగాళాదుంపలు, అన్నీ కలిసి కుతకుత ఉడుకుతుంటాయి. శాకాహారులు మన్నించాలి గానీ, ఆ మాటకు అసలు అర్థం నాకు ఆ కుండ దగ్గరే దొరికింది.

అమెరికావాళ్లు ఇసుకవాణ్ణి వదిలేసి, ‘క్లామ్‌లా హ్యాపీగా’ అంటారు. క్లామ్ అంటే ఆల్చిప్పలాంటి జీవి. సముద్రం ఆటులో వెనక్కి తగ్గినప్పుడు తవ్వి పట్టుకుంటారు. పోటు మీద నీళ్లు నిండుగా ఉన్నంతసేపూ దాని జోలికి ఎవరూ పోలేరు. పాతరోజుల్లో ‘పోటు నీళ్లలో క్లామ్‌లా’ అని పూర్తిగా అనేవారు. జనం తోక కత్తిరించేసరికి ఆల్చిప్పకు సంతోషమేమిట్రా అని కొత్తవాళ్లు బుర్ర గోక్కుంటున్నారు. ఆస్ట్రేలియావాళ్లకేమో లారీ. మన రోడ్ల మీది లారీ కాదు, మనిషి పేరు. బాక్సర్ లారీ ఫోలీయేనని కొందరంటారు, ఇంకా తేలలేదు.

వాడకంలో ఓ చిన్న మెలిక ఉంది. పెద్ద ఉద్యోగమొచ్చి గంతులేసేవాడికి శాండ్‌బాయ్ నప్పడు, దానికి ‘ఓవర్ ద మూన్’ ఉంది. పెరట్లో పాదులు తవ్వుకుంటూ కూనిరాగం తీసే బాబాయికైతే చక్కగా అతుకుతుంది. మీ పై అధికారి మీద మాత్రం ప్రయోగించకండి. సంగతి తెలిసినవాడైతే, ‘మరి నా గాడిదేదయ్యా?’ అని మీవంకే చూస్తాడు.