గుర్రం దగ్గర ఆగిన తీగ

సన్నీవేల్‌లో కాల్‌ట్రెయిన్ ఎక్కి పాలో ఆల్టోలో దిగితే, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోకి మార్గరీట్ బస్సు ఉంటుంది. టికెట్ అక్కర్లేదు. అయినా మా మేనల్లుడు నన్ను నడిపించాడు. ఖర్జూర జాతి చెట్లు రెండు వరసలుగా నిలబడిన పామ్ డ్రైవ్ అందమైనదే, కాదనను. కానీ ఎండలో ఆ దారంతా నడిచేసరికి అందం మీద ఆసక్తి తగ్గింది. పెద్ద చర్చీ, హూవర్ టవర్ చూడటానికి జనం బారులు తీరి ఉన్నారు. మేం వాటిని దాటి, చిన్న దిబ్బ మీదున్న నోల్ భవనానికి ఎక్కాం.

విశ్వవిద్యాలయ అధ్యక్షుడి నివాసం కోసం కట్టిన ఇల్లు అది. 1918లో పూర్తయింది. 1989 భూకంపంలో బాగా దెబ్బతింటే మరమ్మతు చేసి 2005లో మళ్లీ తెరిచారు. ఇప్పుడక్కడ కంప్యూటర్ సంగీత పరిశోధన కేంద్రం ఉంది. పొట్టి పేరు సీసీఆర్‌ఎంఏ. అక్కడివాళ్లు ‘కర్మ’ అనే పలుకుతారు. మా వాడు చదివేది అందులోనే. నేను వీణ నేర్చుకున్నవాణ్ణి కాబట్టి ఆ కేంద్రం చూపించాలని వాడికి ఎప్పట్నుంచో కోరిక.

కేంద్రాన్ని 1975లో మొదలుపెట్టిన వాళ్లలో జాన్ చౌనింగ్ ముఖ్యుడు. డ్రమ్ములు వాయించినవాడు, పారిస్‌లో నాదియా బూలాంజే దగ్గర సంగీత రచన నేర్చుకున్నవాడు. కంప్యూటర్ల గురించి ఏమీ తెలియని రోజుల్లో మాక్స్ మాథ్యూస్ రాసిన ఒక వ్యాసం చదివి, 1964లో ఆయన పనిచేసే న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌కి వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక డబ్బా నిండా చిల్లుల కార్డులు తెచ్చుకున్నాడు. మాథ్యూస్ సంగీత ప్రోగ్రాం అంతా ఆ కార్డుల్లోనే ఉంది.

ఆ మాథ్యూస్ 1957లో ఐబీఎం 704 మీద 17 సెకన్ల పాట వాయింపజేశాడు. అంతకన్నా గొప్పది ఆ తర్వాత 1960 నాటికి తట్టిన ఆలోచన. ధ్వనిని పుట్టించే ముక్క ఒకటి, హెచ్చుతగ్గులు చూసే ముక్క ఒకటి, రెంటినీ కలిపే ముక్క ఇంకొకటి. ఎవరికి కావలసిన వాద్యం వాళ్లు ఈ ముక్కల్ని అతికించి చేసుకోవచ్చు. నేటికీ చాలా సంగీత ప్రోగ్రాముల కింద ఉన్నది ఈ పద్ధతే. మా వాడు వాడే చక్ అనే భాషలో ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి బాణం గుర్తు పెడితే చాలు, శబ్దం అటు పారుతుంది. ఇంత సేపు సాగమని రాస్తేనే కాలం కదులుతుంది. లేకపోతే ప్రోగ్రాంలో కాలం ఉన్నచోటే ఉంటుంది. తాళం వేసే చేతికి ఈ భాష వెంటనే అర్థమవుతుంది.

ల్యాప్‌టాప్ తెరిచి సెకనుకి 200 కంపనాల సాదా శ్రుతి మోగించాడు. ఈల లాంటి చప్పటి శబ్దం. దాన్ని ఇంకో కంపనంతో సెకనుకి ఆరు సార్లు పైకీ కిందికీ ఊపాడు. “ఇది కంపిత గమకం రా” అన్నాను. వాడు నవ్వి ఆ ఊపుడు వేగాన్ని పెంచుతూ పోయాడు. ఇరవై దాటేసరికి ఊపు చెవికి అందడం మానేసింది. శ్రుతి కదలటం లేదు, దాని గొంతే మారింది. వేగం 200 దగ్గర బాకా లాంటి మోత. 280 చేసి, మెల్లగా ఆరిపోనిచ్చేసరికి గుడి గంట! రెండు సంఖ్యలూ మరీ చిన్న పూర్ణాంకాల నిష్పత్తిలో ఉంటే వాద్యం, పొసగకపోతే లోహం. గమకం అంత వేగంగా పోతే నాదమే మారిపోతుందని నా ఇన్నేళ్ల సాధనలో ఊహకైనా రాలేదు.

చౌనింగ్‌కి ఇది 1967లో దొరికింది. ఎఫ్‌ఎం రేడియోలో ఉన్న సూత్రమే. అమెరికా ఆర్గన్ కంపెనీలు వద్దన్నాయి, జపాన్ యమహా తీసుకుంది. 1983లో డీఎక్స్7 కీబోర్డు వచ్చింది. పేటెంటు మీద విశ్వవిద్యాలయానికి 2 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ కీబోర్డులోని ఎలక్ట్రిక్ పియానో శబ్దం నాకు మాత్రం ఎప్పుడూ పంచదార ఎక్కువైనట్టే ఉంటుంది.

హాల్లో అర్ధగోళాకారపు స్పీకర్లు కనిపించాయి. ఇక్కడి ల్యాప్‌టాప్ ఆర్కెస్ట్రావి. ఐకియాలో అమ్మే సలాడ్ గిన్నెల్ని బోర్లించి చేశారట. వాయించేవాళ్లు కుర్చీలెక్కరు, నేల మీద మెత్తలేసుకుని కూర్చుంటారు. ఆ సంగతి నాకు నచ్చింది.

“ఇప్పుడు నీ తీగ చూడు మావయ్యా” అన్నాడు మా వాడు. కార్‌ప్లస్, స్ట్రాంగ్ అనే ఇద్దరు 1983లో ప్రచురించిన పద్ధతి. ఓ వంద అడ్డదిడ్డమైన సంఖ్యలు తీసుకుని వరసగా వినిపించాలి. మళ్లీ మొదటికొచ్చేటప్పుడు పక్కపక్క సంఖ్యల సగటు వేసి, దాన్నే వినిపించాలి. సెకనుకి 44,100 సంఖ్యల చొప్పున ఈ చక్రం తిరుగుతుంటే మొదటి గరగర అరిగిపోయి, మీటిన తీగ మిగులుతుంది. గిటారే అనుకున్నాను. అంత చిన్న లెక్కకి అంత చక్కని తీగ!

కానీ వీణ కాదు. తంబురా అసలే కాదు. జీవం లేదు అన్నాను.

వాడికి కారణం తెలుసు. సి.వి. రామన్ 1921లోనే రాశారు. తీగను ఏ బిందువు దగ్గర మీటితే, అక్కడ కదలిక లేని ఉపస్వరాలు వినిపించకూడదు. అది పాత సూత్రం. తంబురా, వీణల్లో అవి కూడా దర్జాగా వినిపిస్తాయి. కారణం తీగలను మోసే గుర్రం. దాని పైభాగం, వీణలోనైతే లోహపు రేకు, కాస్త వంపు తిరిగి ఉంటుంది. తీగ ఊగినప్పుడల్లా ఆ వంపును రాసుకుంటూ పోతుంది. తంబురాలో తీగ కింద దారం ఆ రాపిడిని ఎక్కడ ఉంచాలో తేలుస్తుంది. తీగ ఏ క్షణాన గుర్రాన్ని తాకింది, ఎప్పుడు వదిలింది అని ప్రతి అడుగులోనూ చూస్తూ లెక్క కట్టాలి. సగటు లెక్కకి లొంగదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో నా వీణ చేసిన ఆయన ఆకురాయితో ఆ రేకును కాస్త గీసి, మీటి, మళ్లీ గీసేవాడు. లెక్క ఆయన చెవిలో ఉంది.

మా వాడు రాసుకున్న తంబురా గుర్రం ప్రోగ్రాం కూడా వినిపించాడు. కొంత జీవం ఉంది, కాస్త రేకుడబ్బా మోతా ఉంది. దారం ఎక్కడుందో చెప్పే సంఖ్యను ఊహించి పెట్టాడట.

“ఇంటికెళ్లాక తంబురాలో సారణి తీగ ఒక్కటే మీటి, దారం కొంచెం కొంచెం జరుపుతూ రికార్డు చేసి పంపు మావయ్యా. పక్కన స్కేలు పెట్టి ఫొటోలు కూడా” అన్నాడు. ఒప్పుకున్నాను. స్టేషన్ దాకా ఈసారి బస్సులోనే వచ్చాం. రైలు ఎక్కుతుంటే వెనక నుంచి అరిచాడు: “ఫ్యాన్ ఆపి చెయ్యి!”