కెమేరాకో సంచీ కావాలి

"కెమేరా యెంత పెట్టి కొన్నావు?" అని అడిగినవాళ్లు యిప్పటికి యాభై మందైనా వుంటారు. "మా చెల్లి పెళ్లికి వచ్చి ఫోటోలు తీస్తావా?" అన్నవాళ్లూ వున్నారు. "దాన్ని యెందులో పెట్టుకుని తిరుగుతావు?" అని అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు. మన హాస్టల్లో లెన్సుల గురించి రాత్రి పన్నెండింటిదాకా వాదించుకునే మిత్రులు కూడా సంచీ మాటెత్తేసరికి "అదేముందిరా, ఏదో ఒకటి" అని దుప్పటి కప్పేస్తారు. ఆ "ఏదో ఒకటి" గురించే యీ నాలుగు ముక్కలు. చదివినవారు నవ్వినా సరే, నేను మాత్రం యీ విషయాన్ని గట్టిగానే తీసుకున్నాను. అందుకు కారణం వుంది.

నా కెమేరా నికాన్ డి7500, రెండోచేతి సరుకు. రెండు సెలవుల్లో పెళ్లిళ్లకు లైట్లు మోసిన డబ్బూ, అమ్మ పాలకేంద్రానికి పోసిన పాల డబ్బూ కలిపి కొన్నది. లెన్సు మాత్రం నాది కాదు. మన కళాశాలలో చదివి వెళ్లిన పెద్దాయన ఒకరు, నేను పక్షుల లెక్కింపుకు వెళుతున్నానని విని, తన 200-500 మిల్లీమీటర్ల లెన్సు చేతికిచ్చారు. "చదువు అయ్యేదాకా వాడుకో. గీత పడినా ఫరవాలేదు గాని బీరువాలో పెడితే మాత్రం వూరుకోను" అన్నారు. ఆయన ఫరవాలేదన్నారని మనం వూరుకోగలమా? దాని ఖరీదు మా యింట్లో ఒక్కసారే బయటికి తీసే డబ్బు కాదు. అరువు యెద్దును పొలానికి తోలుకుపోయినవాడికి నిద్ర పట్టదంటారు. నా స్థితి అదే.

ఆ లెన్సు బరువు 2 కిలోల 300 గ్రాములు. పొడవు దాదాపు 27 సెంటీమీటర్లు, చుట్టుకొలత సంగతి దేవుడెరుగు, అడ్డంగా కొలిస్తే దాదాపు 11 సెంటీమీటర్లు. కెమేరా బ్యాటరీతో కలిపి 720 గ్రాములు. చిన్న లెన్సు 490. కాళ్ల స్టాండు 1,800. బైనాక్యులర్లు 680. చార్జరు, అదనపు బ్యాటరీలు, తుడిచే గుడ్డలు అన్నీ కలిపి 350. లీటరు నీళ్లు. యింట్లో పెసలు తూచే కాటా మీద ఒక్కొక్కటీ పెట్టి రాసుకున్నాను. మొత్తం 7 కిలోల 340 గ్రాములు తేలింది. యిక బట్టలు, అన్నం డబ్బా వేరే. నా బరువు 54 కిలోలు. బడిపిల్లల సంచీ వాళ్ల బరువులో పదో వంతు మించరాదని 2020లో వచ్చిన స్కూలు బ్యాగుల విధానంలో రాశారు. ఆ లెక్కన నేను స్టాండును, బైనాక్యులర్లను యింట్లో వదిలి, దాహంతో వెళ్లాలి.

ఆసియా నీటిపక్షుల గణన అని 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతుంది. జీతం భత్యం లేని పని. చెరువు దగ్గరికి పోయి, యే పక్షి యెన్ని వుందో లెక్కపెట్టి రాయాలి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువైతే సంచీ బాధే లేదు, బస్సు దిగి గట్టు మీద నిలబడితే గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ కళ్లముందే. కొల్లేరులో ఆటపాక అయితే కైకలూరు దాకా వెళ్లి పడవెక్కాలి. నేలపట్టు సంగతి వేరు. రాత్రి రైలెక్కి, తెల్లవారి నాయుడుపేటలో దిగి, బస్సో ఆటోనో పట్టుకుని, అక్కడినుంచి నడక. కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెట్టే చోటది. అది చూసుకుని సూళ్లూరుపేట మీదుగా పులికాట్ దారికి వెళితే, శ్రీహరికోటకు పోయే రోడ్డుకు రెండు పక్కలా రాజహంసలు. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆ బరువు వీపు మీదే. దించుదామంటే కింద బురద, లేదా ఉప్పునీరు.

సంచీ కొనడానికి ముందు బజారంతా తిరిగాను. మొదట చూపించింది భుజానికి తగిలించుకునే నల్ల సంచీ, పైన కంపెనీ పేరు పచ్చని అక్షరాలతో. పెళ్లి మండపంలో తిరగడానికి అది బ్రహ్మాండం. చెయ్యి పెడితే సామాను దొరుకుతుంది. కాని బరువంతా ఒక భుజం మీదే. గంట నడిస్తే మెడ ఆ పక్కకు లాగేస్తుంది. రెండోది వీపుకు తగిలించుకునే కెమేరా సంచీ. ఖాళీగానే 2 కిలోల 100 గ్రాములు! అంటే నా సామానుతో కలిపి దాదాపు 9 కిలోల 440 గ్రాములు, నా బరువులో ఆరో వంతు పైమాట. మూడోది గట్టి ప్లాస్టిక్కు పెట్టె. 1976లో అమెరికాలో మొదలైన పెలికాన్ అనే కంపెనీ వీటికి ప్రసిద్ధి. నీళ్లలో పడినా లోపలికి చుక్క దిగదట. విమానంలో చేత పట్టుకుపోయే సైజు పెట్టె ఖాళీదే అయిదు కిలోలు దాటుతుంది. దేశంలో తిరిగే విమానాల్లో చేతిసామానుకు మామూలుగా యేడు కిలోలే కదా, మిగిలిన రెండు కిలోల్లో యేం పెట్టుకుంటారో నాకు తెలియదు. (పెలికాన్ అంటే మన గూడబాతే. దాని ముక్కు కింద సంచీని చేపలు మోసుకుపోవడానికని చాలామంది అనుకుంటారు. అది వలలాగా చేపను తోడుకుని, నీళ్లు వార్చేసి, అక్కడికక్కడే మింగేస్తుంది. సంచీ నింపుకుని ప్రయాణం చేయదు. మనకన్నా తెలివైనది.)

ఆ రెండో రకం సంచీని ఒక మిత్రుడి దగ్గర రెండు రోజులకు అడిగి యింటికి తీసుకువెళ్లాను. నాన్న ఒక చేత్తో లేపి చూశాడు.

"ఏందిరా అబ్బాయ్, ఇటుకలు మోస్తన్నావా?"

"కెమేరా సామాన్లు నాన్నా."

"ఈ పటకా యేంది?"

నడుముకు కట్టుకునే బెల్టు అది. బరువును భుజాల మీదనుంచి తుంటి యెముకల మీదికి దించుతుందని చెప్పాను. నాన్న చొక్కా యెత్తి, డాక్టరు కట్టించిన తన నడుం బెల్టు చూపించి, "మీ సంచీకి ముందే కట్టారే! నాకు ముప్పై యేళ్లు మోసినాక కట్టారు" అని నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

యూరియా బస్తా 2018లో 45 కిలోలకు తగ్గింది. అంతకుముందు 50. నాన్న మోసినవి ఎక్కువ ఆ యాభైవే. బస్తా యెప్పుడూ ఒక భుజం మీద పెట్టుకోకూడదనీ, మెడ కింద వీపు మీదికి తెచ్చుకుని ఒంటికి అతుక్కుని వుండేట్టు చూసుకోవాలనీ, బస్తా కదిలితే మనిషి పడతాడనీ ఆరోజు చెప్పాడు. యిది మనం మొదటి సంవత్సరంలో చదువుకున్న టార్కు తప్ప మరేమీ కాదు. తొమ్మిదిన్నర కిలోల సంచీ గురుత్వకేంద్రం వెన్నుకు 10 సెంటీమీటర్లు వెనక్కి జరిగితే, సుమారు 9 న్యూటన్-మీటర్ల టార్కు అదనంగా వీపును వెనక్కి లాగుతుంది. దానికి సరిపడా మనం ముందుకు వంగి నడుస్తాం. సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. కనుక పెద్ద లెన్సు వీపుకు ఆనుకుని వుండాలి, తేలిక సామాను బయటివైపు. పట్టీ వెడల్పు రెట్టింపైతే భుజం మీద ఒత్తిడి సగం. అమ్మ నెత్తిన చుట్టకుదురు పెట్టుకునేదీ అందుకే. స్టాండును సంచీ వెనక బయటికి కట్టడం చూడ్డానికి దర్జాగా వుంటుంది గాని, అది దూరాన వేలాడే బరువు. నేను ఒక పక్క జేబులో స్టాండు, రెండో పక్క నీళ్లసీసా, బైనాక్యులర్లు పెడతాను. 1,800కు 1,680. కావడి కుదిరింది. నీళ్లు తాగినకొద్దీ ఒక పక్కకు వొరుగుతుంది, అదొక్కటే చిక్కు.

యిలా విసుక్కునేటప్పుడు శామ్యూల్ బోర్న్ గుర్తొస్తాడు. 1863కూ 1866కూ మధ్య మూడుసార్లు హిమాలయాలకు వెళ్లి ఫోటోలు తీసిన ఇంగ్లీషువాడు. అప్పటి పద్ధతిలో గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి, ఆరకముందే కడగాలి. అంటే చీకటిగదిని కూడా డేరాగా మోసుకుపోవాలి. మణిరంగ్ కనుమ దగ్గర 18,000 అడుగుల పైన ఫోటోలు తీశాడని అందరూ మెచ్చుకుంటారు. ఆ గాజుపలకలూ, మందుసీసాలూ, డేరా మోసింది పదుల సంఖ్యలో కూలీలు. బోర్న్‌గారి కెమేరా సంచీ అంటే ఆ మనుషుల వీపులే. వాళ్ల పేర్లు ఫోటోల కింద లేవు.

బరువు తరువాత పెద్ద ప్రశ్న, సంచీ యెటువైపు తెరుచుకుంటుంది? దుకాణంలో బల్ల మీద పెట్టి చూస్తే యిది తోచదు. చాలా సంచీలు బయటివైపు తెరుచుకుంటాయి. అంటే తెరవడానికి వీపు వైపును కింద పెట్టాలి. చెరువుగట్టు మీద పెడితే పట్టీలన్నీ బురద. మళ్లీ తగిలించుకుంటే చొక్కా బురద. వీపు వైపు తెరుచుకునే సంచీ అయితే బయటి ముఖం నేలకు ఆనుతుంది, మనకంటేది పొడిగా వుంటుంది. యింకొక లాభం, జనంలో వెనకనుంచి ఎవరూ జిప్పు లాగలేరు. యీ ఒక్క గుణం కోసం రంగు, పేరు, జేబుల సంఖ్య అన్నీ వదులుకోవచ్చని నా అభిప్రాయం. అయినా నేను కడిగిన యూరియా సంచీ ఒకటి మడిచి తీసుకుపోతాను, గట్టు మీద పరవడానికి. దానికి మించిన పట్టా యే కంపెనీ వాడూ అమ్మడం లేదు.

కొలతల దగ్గర కూడా తంటా వుంది. పక్షి మనకోసం ఆగదు కనుక లెన్సు కెమేరాకు బిగించే వుండాలి. రెండూ కలిపి సుమారు 34 సెంటీమీటర్లు. లెన్సు కింద స్టాండుకు బిగించే పాదం ఒకటి పొడుచుకు వుంటుంది, దానితో లోతు కూడా కావాలి. పెట్టె మీద రాసే కొలతలు బయటివి. లోపల స్పాంజి తీసేస్తే మిగిలేది కొలుచుకోవలసింది మనమే. నేను లెన్సు కొలతకు అట్టపెట్టె ఒకటి చేసుకుని దుకాణాలకు పట్టుకుపోయాను. ఒకాయన "తమ్ముడూ, స్వీట్లు పెట్టుకుంటావా?" అన్నాడు.

చివరికి నేను తీసుకున్నది కెమేరా సంచీయే కాదు. కొండలెక్కేవాళ్లు వాడే మామూలు సంచీ, బూడిదరంగుది, వీపు వైపు జిప్పు, మంచి నడుం బెల్టు, ఖాళీ బరువు కిలోన్నర లోపే. లోపలి గదులు మాత్రం కారు సీట్లకు కవర్లు కుట్టే అన్న చేత కుట్టించాను. టీవీ పెట్టెలో వచ్చే తెల్లని నురుగుపలక వుంటుంది చూశారూ, అది లోపల, మెత్తని గుడ్డ పైన. మెత్తటి స్పాంజి చేత్తో నొక్కితే హాయిగా వుంటుంది గాని, రెండు కిలోల లెన్సు గట్టిగా కుదిపితే అది అట్టే అణిగిపోయి లెన్సు నేలను కొట్టుకుంటుంది. యీ పలకలో గాలి మూసిన చిన్నచిన్న అరల్లో వుంటుంది కనుక మళ్లీ లేస్తుంది, నీరు కూడా పీల్చదు. "ఇంత గట్టిగా ఎందుకు?" అని ఆ అన్న రెండుసార్లు అడిగి, మూడోసారి తనే ఇంకో పలక వేశాడు.

రైల్లో దాన్ని చూసి యెవరూ కెమేరా అనుకోరు. పక్క బెర్తు పెద్దాయన "బాబూ, నువ్వు ఫ్రిజ్జుల మెకానిక్కువా?" అని అడిగి, వాళ్ల ఫ్రిజ్జు చేసే చప్పుడు గూడూరు దాకా వర్ణించాడు. కింది బెర్తు కింద గొలుసు తగిలించే రింగులుంటాయి. నేను గొలుసు వేస్తాను గాని, పట్టీ ఒకటి కాలికి చుట్టుకునే పడుకుంటాను. నిద్ర అంతంతమాత్రం.

ఒక్క మాట, యింట్లో వున్నప్పుడు లెన్సును సంచీలో వుంచకండి. గుడ్డా స్పాంజీ తేమ పట్టుకుంటాయి. గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి అలాగే వుంటే అద్దం మీద బూజు పడుతుంది, అది అద్దం పూతను తినేస్తే తుడిచినా పోదు. పులికాట్ నుంచి వచ్చాక నేను ముందు చేసేది సంచీ ఖాళీ చేసి నీడలో ఆరవేయడం. లెన్సు గట్టి మూత డబ్బాలోకి, పక్కన సిలికా జెల్. నీలం గులాబీ అయితే తేమ నిండినట్టు. వేడిచేస్తే మళ్లీ నీలమవుతుంది. అమ్మ వంట బాణలిలో మాత్రం వేయించకండి, ఆ రంగు కోబాల్టు లవణానిది. అమ్మ విత్తనం పెసలు బూడిద కలిపి కుండలో దాచి మూతికి మట్టి మెత్తేది చూసినవాళ్లకు యిందులో కొత్తేమీ లేదు.

మొన్న జనవరిలో నేలపట్టులో కావలిమంచె మీద మూడు గంటలున్నాను. సంచీ దించి వీపు వైపు తెరిచి, కెమేరా తీయడానికి నాలుగైదు సెకన్లు పట్టింది. గూళ్లు లెక్కపెట్టడానికి ఫోటోలు పనికొచ్చాయి, కంటితో చూసినప్పుడు ఆకుల చాటున వదిలేసినవి యింటికొచ్చి పెద్దవి చేసి చూస్తే దొరికాయి. లెన్సు మీద గీత లేదు. నడుం కొంచెం పట్టింది, నాన్నకు చెప్పలేదు.

యీ యేడుతో నా చదువు అయిపోతుంది. లెన్సు ఆ పెద్దాయనకు తిరిగి ఇచ్చెయ్యాలి. అప్పుడు సంచీలో 34 సెంటీమీటర్ల గుంట ఒకటి ఖాళీగా మిగులుతుంది. అమ్మ యిప్పటికే మూడు గిన్నెల క్యారేజీ అందులో పెట్టి చూసింది. సరిగ్గా పట్టింది.