మోట తోలు, కమాను కట్ట

మా తాత మోట కుట్టేటోడు. మోటలు బందైనంక మా నాయిన రాళ్ళు మోసిండు. నేను జీపుల కింద పండుకొని బతికిన. ఈ మూడు పనుల్లో ఒక్కదాన్ని కూడ లోకం విద్య అనలేదు. అనకపోవడం లోకం తప్పు. కాని ఆ తప్పుల నాకు కూడ పాలు ఉన్నది. అది చెప్పాలంటే నేను చేసిన ఒక బండి కథ చెప్పాలె.

మాది దేవరకొండకు పడమట ఒక పల్లె. నల్లగొండ జిల్లా అంచు. డిండి వాగు దాటితే పాలమూరు జిల్లా. 2016ల జిల్లాలు చీలినంక ఆవలి దరి నాగర్‌కర్నూలు జిల్లా అయింది. పేరేదైనా నేల ఒక్కటే. ఎర్ర చెల్క, మొరం, పరుపుబండలు, గుట్టలు. గుట్టల మీద తండాలు. తండాకు బాట అంటే వానకు కోసుకుపోయిన రాళ్ళ వరుస.

ఇప్పటి పిల్లలకు మోట తెల్వది. బాయిల నుంచి ఎడ్లు నీళ్ళు గుంజే తోలు బొక్కెన అది. దాని కింద తోలు తొండం. తొండానికి వేరే సన్న తాడు. బొక్కెన పైకొచ్చేదాక తొండం మడిచి ఉండాలె, గట్టు కాడికి రాంగనే విచ్చుకొని నీళ్ళు కాలువల పొయ్యాలె. మనిషి చెయ్యి పెట్టే పని లేదు. తాళ్ళ పొడుగుల లెక్క తప్పితే నీళ్ళన్నీ మళ్ళ బాయిలనే పడ్తయి. పచ్చితోలును సున్నంల వేసి, తంగేడు చెక్కల ఊరేసి, ఆరె, రంపె పట్టుకొని మా తాత ఆ లెక్కను తోలు మీద రాసేటోడు. ఆ నీళ్ళతోటి ఊరు వరి తిన్నది. మా తాతకు కళ్ళం కాడ కుంచాల లెక్కన గింజలు పడ్డయి. దొర గడి ముందు నుంచి పోతే తాను కుట్టిన చెప్పులే తాను చేతుల పట్టుకొని నడిచిండు.

కరెంటు మోటర్లు వచ్చినయి, మోట పోయింది. మా నాయిన నాగార్జునసాగర్ కట్టకు పోయిండు. 1955 డిసెంబర్ 10 నాడు నెహ్రూ పునాది వేసిన ఆ డ్యాంను మనుషులు నెత్తుల మీద మోసిన రాళ్ళతోటి కట్టిండ్రు. పాలమూరు లేబర్ అని దేశమంత పేరువడ్డ మనుషుల్లో మా నాయినసోంటోళ్ళు వేలమంది. కాలువలు కిందికి పోయినయి. మా మీది చెల్కలు ఎండినయి ఎండినట్టే ఉన్నయి.

నేను చూసిన మొదటి జీపు ఊరి దొరది. దాని సప్పుడు వినబడంగనే మావోళ్ళు బాట దిగి కాలువల నిలవడేది. 1981ల, పదమూడేండ్లప్పుడు, నేను కల్వకుర్తిల ఒక షెడ్డుల చేరిన. ఉస్తాద్ ముస్లిం. నన్ను తన తట్టలనే అన్నం తినమన్నడు. కాని షెడ్డుకు వచ్చే గిరాకీలు అట్ల కాదు. ‘ఎవలోల్ల పిలగానివిరా?’ అనేటోళ్ళు. నేను ఊరి పేరు చెప్పి మాట తప్పిచ్చుకునేటోన్ని. పానా పట్టిన చేతికి ఆయిలు అంటితే కులం కనబడదని అనుకున్న.

మొదటి ఏడాదంత కిరసనాయిలుల సామాన్లు కడుగుడే. తర్వాత ఉస్తాద్ కమాన్ల కింద పండుకోబెట్టిండు. ఎడ్లబండికి కమాను ఉండదు, ప్రతి రాయి మనిషి నడుముకే తగుల్తది. జీపుకు పట్టీలు ఉంటయి. మీద పొడుగు మెయిన్ పట్టీ, దాని కింద పొట్టి, ఇంకా పొట్టి. నడుమ సెంటర్ బోల్టు, ఇరుసుకు కట్టేసే యూ బోల్టులు. బరువు పడంగనే పట్టీలు ఒకదాని మీద ఒకటి జారి దెబ్బను పంచుకుంటయి. ‘ఒక్క పట్టీ మొయ్యదు బేటా, కట్ట మోస్తది’ అనేటోడు ఉస్తాద్. ఆ మాట నాకు సంఘంల చేరినంక ఇంకో తీరుగ అర్థమైంది.

1994ల ఒక సర్కారు ఆఫీసు పాత పొడుగు జీపును వేలమేసింది. ఫోర్ వీల్ బండి, లోపల పెట్రోలు ఇంజను. నా పెండ్లాం పట్టగొలుసులు అమ్మి, మిత్తికి తెచ్చి కొన్న. అంతకుముందు లోను కోసం ఒక బ్యాంకుకు పోయిన. భూమి పట్టా ఉన్నదా అన్నరు. లేదన్న. మరి చేతిల ఏమున్నది అన్నరు. చెయ్యే ఉన్నదన్న. నవ్వి పంపిండ్రు.

జీపెందుకంటే, మా దిక్కు సీతాఫలాలకు పేరు. సెప్టెంబరు నుంచి రెండు మూడు నెలలు తండాలోళ్ళు గుట్టలెక్కి తెంపుతరు. కాయ మెత్తవడ్డదంటే రెండు రోజులు నిలవదు. లారీ గుట్ట ఎక్కదు. ఆడోళ్ళు గంపలు నెత్తికెత్తుకొని సడక్ దాక దిగుతరు. దిగినంక బేరగాడు చెప్పిందే రేటు, కాయ మెత్తవడే దాక వాడు ఆగగలడు, వీళ్ళు ఆగలేరు. గుట్ట ఎక్కి బరువు తెచ్చే చిన్న బండి ఉంటే ఆ రేటు మారుతది.

పెట్రోలు ఇంజను తాగే తాగుడుకు కిరాయి గిట్టదు. అందుకని మెటాడోర్ వ్యానుల నుంచి తీసిన డీజిల్ ఇంజను తెచ్చిన. మెర్సిడెస్ వంశం, నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు. జీపు గేర్ బాక్సుకు, ఆ ఇంజనుకు బోల్టులు కలవయి. నడుమ మందపు ఇనుప ప్లేటు కోపిచ్చి కలపాలె. మొదటి ప్లేటు కండ్ల అందాజుతోటి చేసిన. పదిహేను రోజులల్ల గేర్ బాక్సు బేరింగు అరిచి పోయింది. రెండోసారి డయల్ గేజి అడుక్కొచ్చిన. దాన్ని ఫ్లైవీలుకు బిగించి, తిప్పుకుంట గేర్ బాక్సు కూసునే గుండ్రం నాలుగు దిక్కుల చూసిన. ముల్లు అర మిల్లీమీటరు తప్పు చూపెట్టింది. ఆ అర మిల్లీమీటరే బేరింగును తిన్నది. తాళ్ళ పొడుగు తప్పిన మోట గూడ ఇంతే కదా అని ఆ రాత్రి నాకు తట్టలేదు. చాన ఏండ్లకు తట్టింది.

డీజిల్ ఇంజను బరువెక్కువ. ముందటి కమాన్లు వంగినయి. చెరి ఒక పట్టీ ఎక్కువేసిన. గుట్ట రాళ్ళు తగలకుండ బండిని లేపాలని ఇరుసు కింద ఉండే కమాన్లను ఇరుసు మీదికి మార్చిన. బండి అయిదంగుళాలు లేచింది. చూసినోళ్ళంత శభాష్ అన్నరు. కాని ప్రొపెల్లర్ షాఫ్టు వాలు పెరిగి బండంత వణికింది, ఏటవాలు మీద పల్టీ కొట్టబోయింది. ఉస్తాద్ వచ్చి చూసి, ‘ఎత్తు కాదు బేటా, నడక చూడు’ అన్నడు. మళ్ళ విప్పి ఇరుసు కిందికే తెచ్చిన. సీట్ల వెనక బాడీ కోసి, చానల్ ఇనుము వెల్డింగు పెట్టి తొట్టి చేసిన. వెనక కమాన్లకు బరువు పడ్డప్పుడే అందుకునే పట్టీలు వేసిన. అట్లయితే ఖాళీ బండి ఎగరదు, నిండు బండి కూలవడదు.

ఇంక ఒక్కటే బాధ. మొరం దుమ్ము పట్టీల నడుమ దూరి గ్రీసును ఇసుర్రాయి పిండి లెక్క చేసింది. పట్టీలు కీచుమనేటియి, అరిగేటియి. మా నాయిన ఇంటి ముందు కూసోని రోజూ ఆ సప్పుడు ఇంటుండె. ఒకనాడు బండి కిందికి వంగి చూసి, ‘దానికి తోలు తొడుగు లేకపాయె గదరా కొడుకా’ అన్నడు. అటుక మీది నుంచి తాత ఆరె, రంపె దించిండు. తోలు తెచ్చి నూనెల నానవెట్టి, నాలుగు కమాన్లకు నాలుగు తొడుగులు కోసిండు. లోపల గ్రీసు కూరి, కిందికెళ్ళి వారు పోసి కుట్టిండు. నీళ్ళు కారని మోట కుట్టు అది. వారం రోజులు పట్టింది. కీచు బందయింది.

మర్నాడు షెడ్డుకు ఒక పెద్ద రైతు వచ్చిండు. వంగి చూసి, ‘ఇదెవలు కుట్టిండ్రు? మస్తుగున్నది’ అన్నడు. నా నోట్లకెళ్ళి వచ్చిన మాట: ‘కంపెనీది పటేలా.’

మా నాయిన పక్కనే గోడకు ఒరిగి నిలవడ్డడు. ఏమనలేదు. ఆరె, రంపె గుడ్డల చుట్టుకొని ఊరికి నడిచిపోయిండు. బండెక్కు నాయినా అంటే ఎక్కలేదు.

ఆ ఏడే ప్రకాశం జిల్లా ఈదుమూడిల దండోర మొదలైంది. దాపెట్టుకున్న కులం పేరును మనుషులు తమ పేరు వెనక రాసుకునుడు మొదలువెట్టిండ్రు. మీటింగులకు నేను గూడ పోయిన, డప్పు సప్పుడుకు ఒళ్ళు పులకరించింది. అయినా కంపెనీది అన్న మాట గొంతుల ముల్లు లెక్క ఉండె. అంబేద్కర్ 1936లనే చెప్పిండు, కులం పనిని పంచుడు కాదు, పనిచేసేటోళ్ళను చీల్చుడు అని. నేనైతే నా పనిని మా నాయిన పనికెళ్ళి చీల్చిన. ఒకనాడు పెయింటర్ను పిలిచి తొట్టి వెనక తలుపు మీద నా పేరు, పక్కన మాదిగ అని, దాని కింద ‘తోలుపని మా నాయినది’ అని రాయిచ్చిన. మా నాయినకు చదువు రాదు. ఏం రాసినవురా అంటే చదివి చెప్పిన. అక్షరాల మీద చెయ్యి పెట్టి తడిమిండు.

తర్వాతి వానకాలంల ఒక రాత్రి పటేల్ల ఇంటికెళ్ళి పిలుపొచ్చింది. కోడలికి నొప్పులు. వాగు పారుతున్నది, వాళ్ళ కారు కదలదు. ఫోర్ వీల్ వేసి, చిన్న గేరుల, నీళ్ళ లోతు చూసుకుంట దాటిచ్చిన. తల్లీ బిడ్డా బతికిండ్రు. తెల్లారి కిరాయి పైసలు ఇయ్యనీకి పిలిచి ముసలాయన అరుగు మీద పెట్టిండు.

‘చేతికియ్యి పటేలా’ అన్న. ఆయన చెయ్యి లేవలేదు. నేను తీసుకోలేదు. పైసలు అక్కడనే ఉన్నయి. నాలుగో నాడు వాళ్ళ ట్రాక్టరు మొండికేసింది. కొడుకు షెడ్డుకొచ్చి ఆ కిరాయి నా చేతిల పెట్టిండు. మంచితనం మారిందనుకునేరు, ట్రాక్టరు ఆగింది. మనకు ఆ తేడా తెల్వాలె.

ఇంజను మారిందని ఆర్సీల ఎక్కిచ్చుకున్న. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండనే ఉండె. 2019ల సుప్రీంకోర్టు, కంపెనీ చెప్పిన దానికి భిన్నంగ బండిని మార్చొద్దని గట్టిగ చెప్పింది. రోడ్డు మీద ప్రాణాల సంగతి, నేను కాదనను. ఇప్పుడు నా తీరుగ చేస్తనని వచ్చే పిలగాళ్ళకు వద్దనే చెప్త. కాని ఒకటి చూడున్రి. పట్నంల పైసలున్న పిలగాళ్ళు థార్ జీపులకు లక్షలు పెట్టి ఎత్తు పెంచి, ఐతారం నాడు మా గుట్టలల్ల ఆటకు తిప్పుతరు. దాన్ని మాడిఫికేషన్ అంటరు. మేం బతుకు కోసం చేస్తే జుగాడ్ అంటరు. పని ఒక్కటే, పేరు రెండు.

మా నాయిన పోయి చాన ఏండ్లయింది. బండిని ఇప్పుడు రోడ్డు మీదికి తీస్తలేను, షెడ్డు వెనక ఉన్నది. మూడు తొడుగులు చినిగిపోయినయి. వెనక ఎడమ దిక్కుది మిగిలింది. మొన్న మీసోంటి చదువుకునే పిలగాళ్ళు నలుగురు వస్తే వాళ్ళ ముందట దాన్ని విప్పిన. తొడుగు పోయిన కమాన్ల పట్టీలు అరిగి అంచులు కత్తుల్లెక్క అయినయి. దీంట్ల పట్టీల నడుమ గ్రీసు ఇంకా నల్లగ తడిగ ఉన్నది. తుడిస్తే ఇనుము మీద కంపెనీ కొట్టిన ముద్ర చదవొస్తున్నది.

ఒక పిల్ల అడిగింది, ‘ఈ కుట్టు ఎవలు కుట్టిండ్రు?’

మా నాయిన పేరు చెప్పిన. మా తాత పేరు చెప్పిన. కులం చెప్పిన. ఆ పిల్ల నోట్‌బుక్కుల మూడూ రాసుకున్నది.