అవధానం

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. వారిలో అప్రస్తుత ప్రసంగి పని అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడమే. ఈ సంగతిని ఏళ్ల తరబడి బోధించిన నేను, తరగతిలో కుదురుగా కూర్చోలేని ఒక విద్యార్థిని మాత్రం అశ్రద్ధాపరుడని మందలిస్తూ వచ్చాను.

ఒకనాడు అతని తల్లి వచ్చి, "మాస్టారూ, వాడిది పొగరు కాదండీ! ఏ.డి.హెచ్.డి. అనే అవధాన లోపమని డాక్టరు గారు చెప్పారు" అన్నది. ఆమె కోరికపై ఒక ఆదివారం, అటువంటి పిల్లల తల్లిదండ్రులు స్వచ్ఛందంగా జరుపుకొనే సమావేశానికి వెళ్లాను. అక్కడ వేదిక లేదు, ఉపన్యాసం లేదు. పెద్ద పనిని చిన్న భాగాలుగా విభజించి, ఒక్కొక్కటి ముగియగానే బిడ్డను మెచ్చుకోవడం ఎంతగా ఫలించిందో ఒక తండ్రి వివరించాడు. "లోపం నా పెంపకానిదేనని అందరూ అన్నారు" అంటూ ఒక తల్లి కంటతడి పెట్టింది. "మా ఇంట్లోనూ అదే మాటమ్మా!" అన్నారు పలువురు. ఆమె ముఖం తేటపడింది. అమెరికాలోని ఫ్లోరిడాలో 1987లో ‘చాడ్’ సంస్థ కూడా ఇలా తల్లిదండ్రుల చొరవతోనే ఆరంభమైంది.

నా విద్యార్థి మనస్సులో అప్రస్తుత ప్రసంగి క్షణమైనా మౌనం వహించడని నాకప్పుడు బోధపడింది. మరునాడు అతనిని ముందు వరుసలో కూర్చోబెట్టి, పద్యాన్ని పాదం పాదంగా చెప్పాను. రెండు పాదాలు తప్పులేకుండా అప్పజెప్పాడు. ఆ మాత్రం పని నేను ఏడాది క్రితమే చేసి ఉండవలసింది.