ఎవరి ఓడకు ఎవరి కాపలా

నేవీలో పనిచేసినవాళ్లు యుద్ధనౌక గురించి చెప్పమంటే ఫిరంగులతో మొదలుపెడతారు. నేను సరుకు ఓడల మనిషిని, నాకు ముందు గుర్తొచ్చేది లెక్క. 2009లో ఒక బల్క్ క్యారియర్‌లో సెకండ్ ఆఫీసర్‌ని. మా ఓడ వేగం 13 నాట్లు. సోమాలీ సముద్రపు దొంగల స్కిఫ్ (చిన్న మోటారు పడవ) 25 నాట్లు అవలీలగా అందుకుంటుంది. అది కంటపడ్డాక నిచ్చెన మా రెయిలింగుకు తగిలేదాకా మాకుండే వ్యవధి పదిహేను, ఇరవై నిమిషాలు. యాభై మైళ్ల అవతలున్న ఫ్రిగేట్ 30 నాట్లతో ఉరికొచ్చినా గంటా నలభై నిమిషాలు పడుతుంది. వస్తే గిస్తే హెలికాప్టరే రావాలి. అందుకే ఏ దేశపు ఫ్రిగేట్ కాపలాకొచ్చిందని తెలిసినా, దాని హెలికాప్టర్ ఎగిరే స్థితిలో ఉందా లేదా అన్నదే మా బ్రిడ్జి మీద మొదటి ప్రశ్న.

ఏడెన్ సింధుశాఖలో ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి మాకొక దారి గీసిపెట్టారు. పొడవు సుమారు 490 నాటికల్ మైళ్లు. పోయేదానికొకటి, వచ్చేదానికొకటి, ఒక్కోటి ఐదు మైళ్ల వెడల్పు, నడుమ రెండు మైళ్ల ఖాళీ. వేగాన్నిబట్టి ఓడల్ని గుంపులు కట్టించి, తెల్లారేసరికి ప్రమాదం ఎక్కువున్న చోటు దాటిపోయేలా బయల్దేరే వేళలు ఇచ్చేవారు. రెయిలింగుల నిండా రేజర్ వైరు, రెండు వైపులా నీళ్లు చిమ్మే ఫైర్ హోసులు, రాత్రి వాచ్‌లో అదనపు లుకౌట్. రేడియో ఛానెల్ 16లో అప్పుడప్పుడూ జర్మన్ యాస ఇంగ్లిష్ వినిపించేది. 2008 అక్టోబరు నుంచి మన నేవీ కూడా అక్కడే కాపలా కాసింది. రేడియోలో హిందీ వినిపిస్తే మెస్‌లో అన్నం కాస్త ఎక్కువే దిగేదని ఒప్పుకోవాలి.

ఆ జర్మన్ ఓడల్లో రైన్‌లాండ్ ఫాల్ట్స్ ఒకటి. హాంబర్గ్‌లో బ్లోమ్ ఉండ్ ఫాస్ యార్డులో కట్టారు. 1983 మేలో నౌకాదళంలో చేరింది. బ్రేమెన్ తరగతి ఎనిమిది ఫ్రిగేట్లలో మూడోది. 130 మీటర్ల పొడవు, రెండు వందలకు పైగా సిబ్బంది, రెండు సీ లింక్స్ హెలికాప్టర్లకు చోటు. మామూలుగా డీజిల్ ఇంజన్లతో నడిచేది, పరుగెత్తాల్సొస్తే గ్యాస్ టర్బైన్లు అందుకునేవి. ఇదంతా దేనికంటే ఉత్తర అట్లాంటిక్‌లో సోవియట్ సబ్‌మెరైన్లను వేటాడటానికి. ఆ సోవియట్ యూనియన్ పోయింది, ఓడ మిగిలింది. సోనార్, టార్పెడోలున్న ఓడ ఔట్‌బోర్డ్ మోటారు పడవల వెంట పడటమంటే కల్లానికి కాపలాగా ఏనుగును కట్టేసినట్టే.

దొంగల్ని పట్టుకోవడం జర్మన్ నేవీకి కష్టం కాదు, పట్టుకున్నవాళ్లను ఏం చెయ్యాలన్నదే కష్టం. 2008 క్రిస్మస్ రోజున అదే తరగతికి చెందిన కార్ల్స్‌రూహె హెలికాప్టర్ పంపి ఒక ఈజిప్టు బల్క్ క్యారియర్‌ను కాపాడింది. దొంగల ఆయుధాలు లాక్కుని మనుషుల్ని వదిలేశారు. దెబ్బతిన్నది జర్మనీ ప్రయోజనం కాదు కాబట్టి అలా చెయ్యమని బెర్లిన్ నుంచి ఆదేశం. 2009 మార్చి 3న కొరియర్ అనే ఓడ మీద దాడి జరిగింది. జెండా ఆంటిగ్వాది, యజమాని జర్మన్ కంపెనీ. ఈసారి రైన్‌లాండ్ ఫాల్ట్స్ తొమ్మిది మందిని పట్టుకుని, వారం తిరిగేలోపు కెన్యాకు అప్పగించింది. ఆ అప్పగింతకు వీలిచ్చిన యూరోపియన్ యూనియన్, కెన్యా ఒప్పందం కుదిరింది కూడా ఆ మధ్యలోనే.

ఈ వార్త వచ్చినప్పుడు మా ఓడలో శ్రీకాకుళం జిల్లా కుర్రాడొకడు నాతో లుకౌట్‌లో ఉన్నాడు. "సార్, మనది పనామా జెండా, ఓనరు గ్రీకాయన, మనమేమో ఇండియావోళ్లం. మరి మన్ని పట్టుకుంటే ఆళ్లని జైల్లో ఎట్టేదెవరండీ?" అన్నాడు. నేను రాడార్‌లోకి చూస్తూ ఉండిపోయాను. అంత సూటి ప్రశ్న ఏ సెమినార్లోనూ వినలేదు.

నవ్వొచ్చే ఘట్టాలూ లేకపోలేదు. అదే మార్చి 29న ఏడుగురు దొంగలు స్పెస్సార్ట్ అనే ట్యాంకర్ మీద కాల్పులు మొదలుపెట్టారు. తీరా అది జర్మన్ నేవీ వాళ్ల ఇంధన ఓడ! లోపల సాయుధ దళం ఉంది. వీళ్లు పారిపోతుంటే ట్యాంకరే వెంటపడింది. నాలుగైదు దేశాల యుద్ధనౌకలు తోడయ్యాయి. గ్రీకు ఫ్రిగేట్ ప్సారా వాళ్లను నిరాయుధుల్ని చేసింది, తర్వాత రైన్‌లాండ్ ఫాల్ట్స్‌కు అప్పగించారు.

వారం గడవకముందే ఆ నవ్వు ఇంకిపోయింది. ఏప్రిల్ 4న హాన్సా స్టావాంగర్ అనే జర్మన్ కంటైనర్ ఓడ దొంగల పాలైంది. ఈసారి జెండా, యజమాని రెండూ జర్మనీవే. యుద్ధనౌకలు వెంట వెళ్లాయి, కమాండో దళం కూడా వచ్చి, దాడికి అనుమతి లేక వెనుదిరిగింది. ఆగస్టులో డబ్బు కట్టాకే సిబ్బంది బయటపడ్డారు. దొంగ డెక్కెక్కేదాకానే ఫ్రిగేట్‌కు బలం, ఎక్కాక ఆ ఫిరంగికి విలువ లేదు. కొరియర్ కేసు కూడా సాఫీగా ముగియలేదు. కెన్యా జైలు పరిస్థితుల కారణంగా, ఆ తొమ్మిది మందిలో ఒకరి అప్పగింత చట్టవిరుద్ధమని 2011లో కొలోన్ కోర్టు తేల్చింది. దొంగలకు అన్ని హక్కులా అని మావాళ్లు గొణిగారు. నాకైతే ఆ తీర్పు సబబే అనిపించింది.

2013 మార్చి 22న రైన్‌లాండ్ ఫాల్ట్స్‌ను సేవల నుంచి తప్పించారు. అదే పేరుతో కొత్త ఫ్రిగేట్ 2022 జూలైలో చేరింది. బాడెన్ వ్యూర్టెంబెర్గ్ తరగతి అది. ఇంటికి దూరంగా రెండేళ్లు సముద్రంలోనే ఉండేలా, సిబ్బందిని మాత్రం నాలుగు నెలలకోసారి మార్చేలా, దొంగల వెంట పంపడానికి నాలుగు వేగ పడవలతో తయారైంది. దూరం నుంచి క్షిపణుల్ని కూల్చే అస్త్రాలు మాత్రం పెట్టలేదు. ఆ తరగతి ఓడలు పూర్తయిన కొద్దికాలానికే ఎర్రసముద్రంలో స్కిఫ్‌లకు బదులు డ్రోన్లు, క్షిపణులు ఎగరసాగాయి. 2024లో ఇండో పసిఫిక్ యాత్ర ముగించుకుని గోవా మీదుగా ఇంటికి బయల్దేరిన బాడెన్ వ్యూర్టెంబెర్గ్, ముప్పు ఎక్కువని ఎర్రసముద్రం వదిలేసి కేప్ ఆఫ్ గుడ్ హోప్ చుట్టి వెళ్లింది. ఆ ఏడాది మా కంపెనీ ఓడలూ అదే దారిన వెళ్లాయి.