పాడేది అక్క, కనబడేది చెల్లె

హార్ట్ బ్యాండ్ 'అలోన్' పియానోతో మెల్లగా మొదలైతది. పల్లవి దగ్గర ఆన్ విల్సన్ గొంతు ఒక్కసారిగా లేస్తది. ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్‌కి మా క్వార్టర్ కిటికీలు అదిరినట్టే, ప్రతిసారీ నా ఒళ్లు ఝల్లుమంటది.

1987లో అమెరికాలో నంబర్ వన్ పాట అది. రాసింది బయటివాళ్లు: బిల్లీ స్టైన్‌బర్గ్, టామ్ కెల్లీ. 1977లో 'బర్రకూడా' తామే రాసుకున్న బ్యాండ్ ఇట్లా మారిందని పాత అభిమానులు అలుగుతారు. నాకు ఆ పట్టింపు లేదు, పాట బాగుంది. వీడియోలే మింగుడు పడవు. ఆన్ లావైందని కెమెరా ఎక్కువసేపు చెల్లెలు నాన్సీ మీదే ఉంటది. ఆన్‌కి మిగిలినవి నీడలు, దగ్గరి షాట్లు.

నాన్న పోయాక అమ్మకు డిపెండెంట్ ఉద్యోగం వచ్చింది, గోదావరిఖనిలోనే, ల్యాంప్ రూమ్‌లో. బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చేది. తను దిగడానికి మాత్రం అప్పటి 1952 గనుల చట్టం ఒప్పుకునేది కాదు. 2019లో సడలించారు గానీ, అదీ పగటిపూట, సాంకేతిక, సూపర్‌వైజరీ, మేనేజర్ పనులకే పరిమితం చేశారు.

మొన్న ఫోన్లో ఆ వీడియో చూపించాను. భాష తెలియకపోయినా చివరిదాకా చూసింది.

"గిటార్ పిల్ల సరే బిడ్డా, పాడే ఆమెను సక్కగ చూపియ్యరా?"